‘అప్పుడప్పుడు’ అంటే ఎంత?

ఊళ్లో ముప్పై ఏళ్లు దాటిన ప్రతి మనిషి ఎదుటా కూర్చుని ఆశా కార్యకర్త నింపే ఫారం ఒకటుంది. సీబ్యాక్ అంటారు. బీపీ, షుగరు, క్యాన్సర్ల ముప్పు ఎవరికి ఎక్కువో ముందే పసిగట్టడానికి కేంద్ర ఆరోగ్యశాఖ తెచ్చింది. వయసెంత, నడుం కొలతెంత, ఒంటికి పని ఉందా, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బులున్నాయా, పొగాకు వాడతారా అని అడుగుతూ మధ్యలో మద్యం గురించి ఒకే ఒక్క ప్రశ్న వేస్తుంది. రోజూ తాగుతారా? అవునంటే ఒక మార్కు, కాదంటే సున్నా. శనివారం కూలి డబ్బు చేతిలో పడగానే రెండు క్వార్టర్లు తాగి ఆదివారం మంచం దిగని తాపీమేస్త్రీ ఏమంటాడు? “రోజూ ఎక్కడక్కా, అప్పుడప్పుడు” అంటాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఫారంలో మాత్రం సున్నా పడింది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుగారి ప్రశ్న ఇంకా పొట్టిది. “అలవాట్లేమైనా ఉన్నాయా?” జవాబు “ఏం లేవు సార్” అనో, మళ్లీ అదే “అప్పుడప్పుడు” అనో వస్తుంది. బయట ఓపీ వరస పొడుగ్గా ఉంటుంది కాబట్టి కలం తర్వాతి గడికి వెళ్లిపోతుంది. ఆ ‘అప్పుడప్పుడు’ దగ్గర రెండు నిమిషాలు ఆగితే ఏమవుతుంది? వైద్యలోకం ఈ ప్రశ్నను యాభై ఏళ్లుగా పరీక్షిస్తోంది. వేరే జబ్బుతో వచ్చిన వాళ్లందరినీ మద్యం, పొగాకు, మత్తు గురించి పద్ధతిగా అడగడం, ముప్పు కనబడిన వాళ్లతో అక్కడికక్కడే కొద్దిసేపు మాట్లాడటం, చేయి దాటిన వాళ్లను పై ఆసుపత్రికి పంపడం. చూడ్డానికి చాలా మామూలు పని. ఇందులో ఏది నిజంగా పనిచేసింది, ఏది చేయలేదు, మన పీహెచ్‌సీలకు ఎంతవరకు సరిపోతుంది అన్నదే ఇక్కడి చర్చ.

అవసరం ఎంతుందో ముందు చూద్దాం. కేంద్ర సామాజిక న్యాయశాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో వెలువడింది. 10 నుంచి 75 ఏళ్ల వయసువాళ్లలో 14.6 శాతం, అంటే దాదాపు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. వీళ్లలో 5.7 కోట్ల మందికి తాగుడు వల్ల హాని జరుగుతోంది, లేదా వాళ్లు దానికి బానిసలయ్యారు. బానిసలైన వాళ్లలో ఏదో ఒక చికిత్స అందింది 38 మందిలో ఒక్కరికి. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందింది 180 మందిలో ఒక్కరు. నిమ్‌హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే కూడా మద్యం సమస్య ఉన్నవాళ్లలో 86 శాతం మందికి చికిత్స అందడం లేదని తేల్చింది. ఇంతమందికి సరిపడా మానసిక వైద్యులు మనకు ఇప్పట్లో రారు. కానీ ఈ మనుషులంతా ఎప్పుడో ఒకప్పుడు గ్యాస్ నొప్పికో, బీపీకో, బండి మీంచి పడ్డ గాయానికో పీహెచ్‌సీ గడప తొక్కుతూనే ఉన్నారు.

ఆ గడప దగ్గర చెప్పే చిన్న మాటకు విలువుందని మొదట అంకెలతో చూపించింది లండన్. గ్రిఫిత్ ఎడ్వర్డ్స్, జిమ్ ఆర్ఫర్డ్ 1977లో ప్రచురించిన అధ్యయనంలో తాగుడుకు బానిసలైన 100 మంది పెళ్లయిన మగవాళ్లను రెండు భాగాలు చేశారు. సగం మందికి ఆనాటి చికిత్స మొత్తం అందించారు. మిగతా సగం మందిని భార్యతో సహా ఒక్కసారి కూర్చోబెట్టి, పరిస్థితి వివరించి, బాధ్యత మీదేనని చెప్పి పంపించారు. ఏడాది తర్వాత రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. వైద్యులకు ఇది మింగుడుపడని ఫలితం. రెండేళ్ల తర్వాత మైకేల్ రస్సెల్ బృందం 28 మంది జనరల్ డాక్టర్ల దగ్గరకొచ్చిన 2,138 మంది పొగతాగేవాళ్లను గమనించింది. డాక్టరు ఒకటి రెండు నిమిషాలు మానేయమని చెప్పి, కరపత్రం చేతిలో పెట్టి, మళ్లీ అడుగుతామని హెచ్చరించిన గుంపులో 5.1 శాతం మంది నెలలోపే మానేసి ఏడాది దాకా నిలబడ్డారు. ఏమీ చెప్పని గుంపులో అది 0.3 శాతం.

నూటికి ఐదుగురే కదా అనిపిస్తుంది. ఒక డాక్టరుకు అది వైఫల్యంలాగే కనిపిస్తుంది, ఎందుకంటే ఆయన కళ్లముందు మిగిలేది మానని తొంభై అయిదుగురు. అదే మాట జిల్లాలోని ప్రతి డాక్టరూ, ప్రతి నర్సూ, వచ్చిన ప్రతి మనిషికీ చెప్తే అయ్యే లెక్క వేరు. ఈ పద్ధతి బలమంతా ఆ గుణకారంలో ఉంది. అందుకే ఒక కేంద్రంలో ఒక ఉత్సాహవంతుడు చేస్తే దీని ఫలితం కంటికి కనబడదు.

అడగడానికి సాధనం కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లలో ఆరు దేశాల ప్రాథమిక వైద్యశాలల్లో పరీక్షించి ఆడిట్ అనే పది ప్రశ్నల పట్టిక తయారుచేసింది. మొత్తం 40 మార్కులు. 8 నుంచి 15 వస్తే జాగ్రత్త చెప్పాలి, 16 నుంచి 19 మధ్య ఉంటే కూర్చోబెట్టి కౌన్సెలింగ్ చేయాలి, 20 గానీ అంతకు మించి గానీ వస్తే నిపుణుడికి చూపించాలి. మొదటి మూడు ప్రశ్నలే దీనికి ప్రాణం. ఎన్ని రోజులకోసారి తాగుతారు, తాగిన రోజు ఎంత తాగుతారు, ఒక్కసారి కూర్చుంటే ఆరు డ్రింకులు గానీ, అంతకు మించి గానీ తాగడం ఎంత తరచు?

ఈ ‘డ్రింకు’ను మన భాషలోకి దించుకోవాలి. మన దగ్గర ఒక డ్రింకంటే 10 గ్రాముల ఆల్కహాల్. 42.8 శాతం ఉండే విస్కీ, బ్రాందీల్లో 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గు ఒకటి. ఆ లెక్కన నైంటీ అంటే మూడు డ్రింకులు, 180 మిల్లీలీటర్ల క్వార్టర్ అంటే సరిగ్గా ఆరు. 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా నాలుగు. ఇది తెలిస్తే అంతర్జాతీయ పట్టికలోని కష్టమైన మూడో ప్రశ్న మన ఏఎన్‌ఎమ్ నోట ఒక్క మాటలో పలుకుతుంది: “ఒక్కసారి కూర్చుంటే క్వార్టర్ గానీ, అంతకు మించి గానీ తాగడం ఎన్నాళ్లకోసారి?” తాపీమేస్త్రీ దీనికి నిజమే చెప్తాడు, “వారం వారం” అంటాడు. ‘రోజూనా’ అన్న ప్రశ్న వదిలేసిన మనిషిని ‘క్వార్టరా’ అన్న ప్రశ్న పట్టుకుంటుంది. సీబ్యాక్ ఫారంలో మార్చాల్సింది ఈ ఒక్క వాక్యమేనని నా నమ్మకం.

పట్టుకున్నాక మాట్లాడితే ఏమవుతుందో చూద్దాం. 2018లో వచ్చిన కాక్రేన్ సమీక్ష 69 అధ్యయనాలను, దాదాపు 33,600 మందిని ఒకచోట చేర్చింది. చిన్న కౌన్సెలింగ్ పొందినవాళ్లు ఏడాది తర్వాత వారానికి సగటున 20 గ్రాముల ఆల్కహాల్ తక్కువ తాగుతున్నారు. మన లెక్కలో రెండు చిన్న పెగ్గులు. ఎక్కువసేపు మాట్లాడినంత మాత్రాన లాభం పెరగలేదు. ఇంగ్లాండులో 756 మందితో జరిగి 2013లో వెలువడిన సిప్స్ అధ్యయనం ఇంకో అడుగు వేసింది. ఒక గుంపుకు కరపత్రం, ఒక గుంపుకు ఐదు నిమిషాల సలహా, ఒక గుంపుకు ఇరవై నిమిషాల కౌన్సెలింగ్ ఇస్తే మూడూ ఒకేలా తేలాయి. దీన్ని చూపించి ఈ పద్ధతంతా దండగ అన్నవాళ్లున్నారు. నాకు తోచింది వేరు. ఆ మూడు గుంపుల్లోనూ మనుషుల్ని పద్ధతిగా అడిగారు, లెక్క వాళ్ల ముందే పెట్టారు. తన నోటితో తాను వారానికి ఎన్ని క్వార్టర్లు తాగుతున్నాడో చెప్పుకున్న మనిషికి అదే మొదటి మందు కావచ్చు. అయితే ఇది నా ఊహే, ఆ అధ్యయనం రుజువు చేసిన విషయం కాదు. అడగని గుంపు అందులో లేదు.

పడమటి దేశాల సగటులు మనకెంత వర్తిస్తాయన్న సందేహం న్యాయమైనదే. దానికి మన దేశంలోంచే ఒక గట్టి జవాబుంది. గోవాలో సంగత్ అనే సంస్థతో కలిసి అభిజిత్ నాడ్కర్ణి, విక్రమ్ పటేల్ బృందం పది పీహెచ్‌సీల్లో చేసిన అధ్యయనం 2017లో లాన్సెట్‌లో వచ్చింది. ఆడిట్‌లో 12 నుంచి 19 మార్కులు వచ్చిన 377 మంది మగవాళ్లను తీసుకున్నారు. అంటే హాని మొదలైంది, ఇంకా పూర్తి బానిసలు కాలేదు. వాళ్లతో మాట్లాడింది డాక్టర్లు కాదు, మానసిక వైద్యంలో ఏ డిగ్రీ లేని మామూలు స్థానికులు. శిక్షణ పొంది, వారం వారం ఒకరి పని ఒకరు పరిశీలించుకుంటూ, గరిష్ఠంగా నాలుగుసార్లు కూర్చున్నారు. మొదట అతని లెక్క అతనికి చూపించడం. తర్వాత స్నేహితులు బలవంతపెడితే ఎలా కాదనాలి, మనసు బాగోలేనప్పుడు సీసా బదులు ఏం చేయాలి అని అభ్యాసం చేయించడం. చివర్లో, మళ్లీ జారితే ఎలా లేవాలో చెప్పడం.

మూడు నెలల తర్వాత చూస్తే కౌన్సెలింగ్ పొందినవాళ్లలో 36 శాతం మంది ముప్పు గీత కిందికి దిగారు, మామూలు వైద్యమే అందినవాళ్లలో 26 శాతం. అంతకు ముందు రెండు వారాల్లో అసలు చుక్క ముట్టనివాళ్లు 42 శాతం, అవతల 18. ఏడాది తర్వాత తేడా ఇంకా పెరిగింది: గీత కిందికి దిగినవాళ్లు 54 శాతం, అవతల 32. ఇందులో నన్ను ఆకట్టుకున్న వివరం ఒకటుంది. తాగడం కొనసాగించినవాళ్లు తాగే మోతాదు పెద్దగా తగ్గలేదు. లాభమంతా పూర్తిగా ఆపేసినవాళ్ల నుంచే వచ్చింది. ఇంగ్లాండు వైద్యుడు ‘కాస్త తగ్గించు’ అంటే అర్థమయ్యే సమాజం వేరు. మన దగ్గర మగవాడి తాగుడు ఎక్కువగా తాగితే తాగడం, మానితే మానడం అన్న తీరులో ఉంటుంది. అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ చుక్క ముట్టని మనుషులు ప్రతి వీధిలో ఉన్నారు. కౌన్సెలింగ్ చేసేవాళ్లకు ఇంతకన్నా మంచి ఆరంభం ఏముంటుంది? “మాలలో ఉన్నప్పుడు ఎలా ఉండగలిగారు, అప్పుడు నిద్ర ఎలా ఉండేది, డబ్బులేమయ్యేవి?” అని అడిగితే, మానగలనన్న సాక్ష్యం అతని జీవితంలోంచే బయటికొస్తుంది. చేతనవుతుందన్న నమ్మకం కలిగించడం ఈ చిన్న కౌన్సెలింగ్‌లోని ముఖ్యమైన అంగాల్లో ఒకటని విలియం మిల్లర్ వంటి పరిశోధకులు ఎప్పటినుంచో చెప్తున్నారు.

ఇదే ప్రశ్నకు ఇంకో ఉపయోగం ఉంది. “మాల వేసిన రెండో రోజే చేతులు వణికాయి, నిద్ర పట్టలేదు, ఏవేవో కనబడ్డాయి” అన్నాడంటే కౌన్సెలింగ్ అక్కడితో ఆపాలి. అతను గోవా అధ్యయనంలో ఉండదగిన మనిషి కాదు. ఒళ్లు మద్యానికి అలవాటు పడిపోయినవాడు హఠాత్తుగా మానేస్తే గంటల్లో వణుకు, ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్, రెండు నుంచి నాలుగు రోజుల్లో మతి తప్పడం రావచ్చు. ప్రాణం పోవచ్చు. ‘రేపట్నుంచి మానెయ్’ అన్న మంచి మాటే ఇక్కడ ప్రమాదకరం. ఇతనికి కావాల్సింది డయజెపామ్, క్లోర్‌డయజెపాక్సైడ్ వంటి మందులు వైద్యుల పర్యవేక్షణలో కొన్ని రోజులు వాడుతూ దించడం. నీరసంగా ఉన్నాడని ఊళ్లో గ్లూకోజు బాటిల్ ఎక్కించేస్తారు. దానికంటే ముందు థయమిన్, అంటే బి1 విటమిన్ ఇంజెక్షన్ పడాలి. లేకపోతే మెదడుకు కోలుకోలేని దెబ్బ తగలొచ్చు. ఇక ‘రోగికి తెలియకుండా తాగుడు మాన్పించే మందు’ అన్న ప్రకటనలు నమ్మి కూరలో పొడులూ మాత్రలూ కలిపే ఇళ్లు మనకు కొత్త కాదు. డైసల్ఫిరామ్ అనే మాత్ర కడుపులో ఉండగా మద్యం తాగితే బీపీ పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. ఆ మాత్ర మంచిదే, కానీ వేసుకునేవాడికి తెలిసి వేసుకోవాలి. విసిగిపోయిన ఆ ఇల్లాలిని నేను తప్పుపట్టను. ఆమెకు ఇంకో దారి ఎవరూ చూపించలేదు.

తెలంగాణలో దీనికి తోడు కల్తీ కల్లు ఉంది. అంతర్జాతీయ పట్టికలేవీ దీన్ని ఊహించలేదు. కల్లు పేరుతో అమ్మే దాంట్లో డయజెపామ్, ఆల్ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. అందులో ఆల్కహాల్ పాలు ఎంతుందో గానీ, ఒంటిని కట్టిపడేసేది ఆ నిద్రమందులే. 2015లో కల్తీ మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కల్లు దొరక్క జనం ఫిట్స్‌తో, మతిచెడిన ప్రవర్తనతో ఆసుపత్రుల పాలయ్యారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు అలాంటి రోగులే గుంపుగా వచ్చారు. ఇలాంటి మనిషిని ఆడిట్‌తో కొలిస్తే తక్కువ మార్కులే రావచ్చు. ‘మందు’ అలవాటుందా అంటే “లేదు, కల్లే” అంటాడు, లేదా అంటుంది. కల్లు దుకాణంలో ఆడవాళ్లూ కూర్చుంటారు. వాళ్లను కల్లు అని పేరు పెట్టి, ఎన్ని సీసాలని లెక్కపెట్టి, ఒక రోజు తాగకపోతే ఏమవుతుందని విడిగా అడగాలి. జవాబు వణుకైతే అది నిద్రమాత్రల బానిసత్వంగా భావించి చికిత్స చేయాలి.

మాట ఎంపిక ఎంత ముఖ్యమో పొగాకు మరోలా చూపిస్తుంది. “సిగరెట్టు తాగుతారా?” అని ఉత్తరాంధ్ర తీరంలో ఒక పెద్దావిడను అడిగితే లేదంటుంది. ఆమె తాగేది చుట్ట, అదీ మండే కొస నోట్లో పెట్టుకుని. అడ్డపొగ అని దాని పేరు. అంగిట్లో వచ్చే క్యాన్సర్‌కు అదే ప్రధాన కారణమని ఆ ప్రాంతం మీద జరిగిన పరిశోధనలే లోకానికి చెప్పాయి. చిన్న కౌన్సెలింగ్ అన్న పేరు మనకు తెలియక ముందే శ్రీకాకుళంలో ఆ పని జరిగింది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లోని దంత పరిశోధన విభాగం కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్, మన శ్రీకాకుళం జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడకందార్లను ఇంటింటికీ తిరిగి ఎంచుకుంది. ఏటా నోరు పరీక్షించి, ఎదురుగా కూర్చుని చెప్పి, ఊరుమ్మడిగా ప్రచారం చేసింది. ఐదేళ్ల ఫలితాలు 1986లో లాన్సెట్‌లో అచ్చయ్యాయి. మొత్తం మీద మానేసినవాళ్లు పెరిగారు, క్యాన్సర్‌కు ముందొచ్చే తెల్లమచ్చలు తగ్గాయి. తన అంగిలి మీద మచ్చను అద్దంలో చూసిన మనిషికి అది గణాంకం కాదు. అయినా 2016-17 జాతీయ పొగాకు సర్వే నాటికి, వైద్యుల దగ్గరకెళ్లిన పొగతాగేవాళ్లలో మానేయమన్న సలహా అందింది సగం కంటే తక్కువ మందికే. గుట్కా, ఖైనీ నమిలేవాళ్లలో మూడోవంతుకు కూడా అందలేదు. ఈ మొత్తం వ్యవహారంలో తక్కువ ఖర్చుతో, తక్కువ ప్రమాదంతో వెంటనే చేయగలిగింది పొగాకు సలహాయే. అక్కడే ఇంత కరువు.

గంజాయి, ఇతర మత్తుల దగ్గరకొస్తే రుజువులు పలచబడతాయి. 2014లో అమెరికా వైద్య సంఘం పత్రికలో పక్కపక్కనే వచ్చిన రెండు అధ్యయనాలు, బోస్టన్‌లో 528 మంది మీద ఒకటి, వాషింగ్టన్ రాష్ట్రంలో 868 మంది మీద ఇంకొకటి, చిన్న కౌన్సెలింగ్ వల్ల మాదకద్రవ్యాల వాడకం తగ్గలేదని తేల్చాయి. అంతకు రెండేళ్ల ముందు ప్రపంచ ఆరోగ్య సంస్థ అసిస్ట్ అనే ప్రశ్నల పట్టికతో నాలుగు దేశాల్లో 731 మంది మీద చేసిన పరిశీలనలో ఆస్ట్రేలియా, బ్రెజిల్, భారత్‌లలో ఫలితం కనబడింది, అమెరికాలో కనబడలేదు. మన దేశపు భాగం ఢిల్లీలో జరిగింది. ఆశకు చోటుంది గానీ, మద్యం రుజువులను తెచ్చి గంజాయికి అతికించడం సరికాదు. పైగా గంజాయి విషయంలో అడిగేవాళ్లకూ చెప్పేవాళ్లకూ మధ్య పోలీసు నిలబడి ఉంటాడు. తక్కువ మోతాదు కేసుల్లో చిక్కిన బానిసలు తమంతట తాము గుర్తింపు పొందిన చోట చికిత్సకు వస్తే విచారణ నుంచి రక్షణ ఇచ్చే 64ఏ సెక్షన్ ఎన్‌డీపీఎస్ చట్టంలో ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాల గోప్యతను హక్కుగా గుర్తించింది. ఈ రెండు సంగతులూ ప్రశ్నకు ముందే చెప్పగలిగితే ఇంటర్ కుర్రాడు నోరు విప్పుతాడు. కాలేజీల్లో మత్తు పరీక్షలు పెట్టి పట్టుకుంటామన్న ప్రకటనలు అతని నోరు కట్టేస్తాయి.

గోప్యత మద్యం విషయంలోనూ చిన్నది కాదు. ఆశా అదే ఊరి కోడలు. ఆమెకు చెప్పింది సాయంత్రానికి బావి దగ్గరకు చేరుతుందన్న భయం ఉంటుంది, ముఖ్యంగా తాగే ఆడవాళ్లకు. కాబట్టి ఇంటి అరుగు మీద ఆశా ఒక్క ప్రశ్నతో ఆగడం, మిగతాది సబ్‌సెంటర్లో తలుపు దగ్గరకు వేసుకుని ఏఎన్‌ఎమ్ గానీ, ఎంఎల్‌హెచ్‌పీ (మధ్యస్థాయి ఆరోగ్య సేవకురాలు) గానీ మాట్లాడటం మేలు. పైకి పంపే మెట్టు కూడా ఉండాలి. చిన్న కౌన్సెలింగ్ వల్ల జనం నిపుణుల దగ్గరకు వెళ్లడం పెరిగిందన్న రుజువు దొరకలేదని 2015 నాటి ఒక సమీక్ష చెప్పింది. చీటీ రాసిస్తే పని కాదు. జిల్లా ఆసుపత్రిలో మంచం ఉందా, ఫోన్ ఎత్తే మనిషి ఉన్నాడా అన్నది ముందు తేల్చుకోవాలి. మానసిక ఆరోగ్య సహాయానికి టెలీమానస్ 14416, మత్తు విముక్తి సహాయానికి 14446 ఉన్నాయి. ఏఎన్‌ఎమ్ తన ఎదుటే రోగి చేత ఫోన్ చేయించడం మంచిది.

ఈ మాటలన్నీ బెల్టుషాపుకు బదులు కావు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు మొగుళ్లకు కౌన్సెలింగ్ అడగలేదు, దుకాణం మూయమన్నారు. మరుసటేడు సారా ఆగింది. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం రెండేళ్లకే సడలింది. అమ్మకాలు పెంచుకుంటూ పోయే ఖజానా, తగ్గించమని చెప్పే నర్సు ఒకే ప్రభుత్వంలో ఉన్నంతకాలం నర్సు చేతిలో గెలిచేది కొంతే. ఆ కొంత కూడా ఒక ఇంటికి చాలా ఎక్కువ, అందుకే దాన్ని వదులుకోకూడదు.

గోవాలో నాలుగుసార్లు కూర్చున్నారు. మనకు ఆ నాలుగుసార్లు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. బీపీ మాత్రల కోసం అదే మనిషి నెలనెలా విలేజ్ హెల్త్ క్లినిక్‌కో, పల్లె దవాఖానాకో, బస్తీ దవాఖానాకో వస్తున్నాడు. మాత్రలు వాడుతున్నా బీపీ దిగడం లేదంటే మోతాదు పెంచేముందు అడగాల్సిన ప్రశ్న ఇదే, ఎందుకంటే మద్యమే బీపీని పెంచుతుంది. ‘మందు తాగిన రోజు మాత్ర వేసుకోకూడదు’ అనుకుని మానేసేవాళ్లూ ఉంటారు. పట్టీ చేతికి చుట్టి గాలి కొడుతూ ఏఎన్‌ఎమ్, “పోయిన నెల వారానికి రెండు క్వార్టర్లన్నారు, ఈ నెల ఎలా ఉందన్నా?” అని అడగొచ్చు. అతను చెప్పిన అంకెను బీపీ అంకె పక్కనే రాసుకోవచ్చు. వచ్చే నెల మళ్లీ అడగొచ్చు.